ఆడకముందే ఒక గెలుపు

ముప్పై ఒక్క ఏళ్ళు నేను కాటా దగ్గర కూర్చున్నాను. చిలకలూరిపేట దాటాక హైవే పక్కన ఉన్న జిన్నింగు మిల్లు అది. పత్తి లారీ లోపలికి వచ్చేటప్పుడు నిండు తూకం, సరుకు దించి బయటికి వెళ్ళేటప్పుడు ఖాళీ తూకం. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే పత్తి. నా ఉద్యోగమంతా ఆ ఒక్క తీసివేతే.

మా కాటా పుస్తకంలో రబ్బరు పెట్టి చెరపడం ఉండేది కాదు. తప్పు పడితే దాని మీద ఒకే ఒక గీత కొట్టాలి, కింద పాత అంకె కనపడుతూనే ఉండాలి. దాని పైన సరైన అంకె వేయాలి. పక్కన రెండు సంతకాలు ఉండాలి, మిల్లు తరఫున ఒకటి, సరుకు తెచ్చిన రైతుది ఒకటి. కనపడని దిద్దుబాటు దొంగతనంతో సమానమని మా పాత మేనేజరు నాకు మొదటి రోజే చెప్పాడు. ఇక చెప్పాల్సిన అవసరం ఆయనకు రాలేదు.

రిటైరయ్యాక కూడా ఆ పద్ధతి నన్ను వదల్లేదు. గ్యాస్ బండ మార్చిన తేదీ వంటింటి క్యాలెండర్ మీద రాస్తాను. మంచినీళ్ళ క్యాను ఎన్ని రోజులు వచ్చిందో రాస్తాను. నా కోడలికి ఇది నచ్చదు. "ఈ ఇంట్లో నాకన్నా క్యాలెండర్‌కే పని ఎక్కువ" అని ఒకసారి మా అబ్బాయితో అంటుంటే విన్నాను. విన్నానని ఆమెకు చెప్పలేదు. అత్తాకోడళ్ళం ఇద్దరం గొంతు పెంచి పోట్లాడుకున్నది లేదు, తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్పుకున్నదీ లేదు.

ఆమె హైస్కూల్లో డ్రిల్లు టీచరు. ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పుతుంది. తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. బంతిని బ్యాట్‌తో కొట్టి, మైదానంలో మూడు మూలలా ఉన్న మూడు బేస్‌లు వరసగా తొక్కి, మొదలైన చోటికి, అంటే హోమ్‌కి, తిరిగొస్తే ఒక పరుగు. ముగ్గురు అవుటైతే అవతలి జట్టు కొట్టే వంతు. రెండు జట్లూ ఒక్కోసారి కొడితే ఒక ఇన్నింగ్స్, మా పిల్లలకు ఆటకి ఏడు. బేస్‌బాల్ కూడా ఇదే ఆట, బంతి చిన్నది, మైదానం పెద్దది, అంతే తేడా.

మొదట్లో వాళ్ళకు బేస్‌లు కూడా లేవు. జట్టులో క్యాచర్‌గా ఆడే పిల్ల తండ్రి పరుపులు కుట్టేవాడు. ఆయన మిల్లులో మిగిలిన పిప్పి దూది తెచ్చి గోతాల్లో కూరి నాలుగు బేస్‌లు కుట్టి ఇచ్చాడు. తీరా చూస్తే ఆ గోతాలు గుంటూరు యార్డుకి మిరపకాయలు వెళ్ళిన గోతాలు. మొదటిరోజు ఒక పిల్ల పరుగెత్తుకొచ్చి రెండో బేస్ మీద జారి పడగానే ఘాటు లేచింది. ఆ పిల్ల తుమ్మింది, బంతి పట్టుకున్న పిల్ల తుమ్మింది, అవుటో కాదో చెప్పాల్సిన అంపైర్ కూడా తుమ్ముతూ నిలబడ్డాడు. గోతాలు నాలుగుసార్లు ఉతికించాల్సి వచ్చింది. ఆ లెక్క కూడా నా దగ్గర ఉంది.

నేను చెప్పబోయే ఏడుకి ముందటి ఏడు మండల పోటీల్లో మా కోడలి జట్టు పిల్లలు మొదటి ఆటలోనే ఓడిపోయారు. ఒక్క రోజులో అంతా తేలిపోయే పోటీ. ఏడాది పొడవునా అందరినీ గెలిచినవాళ్ళు, ఆ రోజు ఒక్క ఇన్నింగ్స్‌లో చేతులు తడబడి ఇంటికొచ్చేశారు. మా కోడలు వారం రోజులు అన్నం సరిగా తినలేదు. వేసవి సెలవులు అవ్వగానే చుట్టుపక్కల మూడు స్కూళ్ళ డ్రిల్లు మాస్టార్లను మా ఇంటికి పిలిచింది.

జూన్ నెల, స్కూళ్ళు తెరిచాక మొదటి ఆదివారం. వరండాలో కుర్చీలు వేసి టీ ఇచ్చాను. ఆమె ఒక కాగితం తీసి చదివింది. ఒక్క రోజు పోటీ వద్దు, నాలుగు స్కూళ్ళూ ప్రతి శనివారం ఆడదాం. ఒక్కొక్కరితో మూడేసి ఆటలు, మొత్తం పద్దెనిమిది ఆటలు. మొదటి రెండు స్థానాల వాళ్ళు చివర్లో తలపడాలి. అందులో నెగ్గిన జట్టే మండలం తరఫున జిల్లా పోటీలకు వెళ్తుంది. అంతవరకు అందరూ తలలూపారు.

"మొదటి స్థానం జట్టుకి ఆ చివరి పోటీలో ముందే ఒక గెలుపు వేసి ఉంచుతాం" అంది.

వాళ్ళెవరూ మాట్లాడకముందే నేను మాట్లాడాను. "ఆడకముందే గెలుపేమిటమ్మాయ్? లారీ గేటు దాటకముందే తూకం వేస్తామా?"

అది తన సొంత తెలివి కాదని, జపాన్‌లో పెద్ద బేస్‌బాల్ పోటీలకు ఉన్న పద్ధతని అప్పుడు చెప్పింది. అక్కడ రెండు లీగులు, ఒక్కో లీగులో ఆరు జట్లు. ఒక్కో జట్టు ఏడాదిలో నూట నలభై మూడు ఆటలు ఆడుతుంది. లీగుకి మొదటి మూడు జట్లే చివరి పోటీలకు వస్తాయి. రెండు, మూడు స్థానాలవాళ్ళు ముందు తమలో తాము తేల్చుకుంటారు. నెగ్గినవాళ్ళు మొదటి స్థానం జట్టు ఊరికే వెళ్ళి, ఆ జట్టు మైదానంలోనే ఆడాలి. ముందు నాలుగు గెలుపులు పోగుచేసినవాళ్ళు పైకి వెళ్తారు. కాని మొదటి స్థానం జట్టుకి మొదటి బంతి పడకముందే ఒకటి వేసి ఉంటుంది. చివరికి గెలుపులు సమానమైనా వాళ్ళదే పైచెయ్యి.

"నూట నలభై మూడు ఆటలు ఆడి మొదట నిలిచినవాళ్ళు, ఒక్క వారం చెయ్యి జారితే అంతా పోగొట్టుకోవడం న్యాయమా అత్తయ్యా?" అంది.

ఆమె వారం రోజులు తినని అన్నం నాకు గుర్తుంది. ఖాళీ గ్లాసుల్లో మళ్ళీ టీ పోశాను.

కాలువ అవతలి స్కూలు మాస్టారు మాత్రం మెలిక పెట్టాడు. మనిషి మంచివాడే, నోరే కొంచెం పెద్దది. "అన్నీ బాగానే ఉన్నాయి మేడమ్. స్కోరు పుస్తకం ఎవరు రాస్తారు? మీ స్కూలు వాళ్ళు రాస్తే మేం ఒప్పుకోం. మేం రాస్తే మీరు ఒప్పుకోరు."

"మా అత్తయ్య రాస్తారు" అంది మా కోడలు.

ఆ మాట నాకు ముందుగా చెప్పలేదు. ముగ్గురు మాస్టార్లూ నా వైపు చూశారు. కాలువ అవతలి మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "అత్తగారైతే మాకేం అభ్యంతరం లేదండి. ఏ అత్తగారూ చచ్చినా కోడలికి ఒక్క పరుగు ఎక్కువ వెయ్యదు."

మిగతా ఇద్దరికీ అది ఎంత నమ్మకంగా తోచిందంటే, ఇంకో ప్రశ్న కూడా అడగలేదు. ఈ ప్రాంతంలో ఏ ధ్రువపత్రమూ అత్తాకోడళ్ళ వైరానికి సాటి రాదు. మాకు ఆ వైరం లేదని చెబుదామనుకుని ఊరుకున్నాను. చెబితే పని పోయేది.

ఆ జూన్ అయ్యేదాకా ఆమె నాకు పుస్తకం రాయడం నేర్పింది. మైదానంలో ఒక్కో చోటికి ఒక్కో అంకె. బంతి విసిరే పిచర్ ఒకటి, హోమ్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ రెండు, మొదటి బేస్ దగ్గరి పిల్ల మూడు. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ నడుమ నిలబడే పిల్ల ఆరు, ఎడమ వైపు దూరంగా నిలబడే పిల్ల ఏడు. ఆరు బంతి ఆపి, కొట్టిన పిల్ల మొదటి బేస్ చేరేలోపు మూడుకి విసిరి అవుట్ చేస్తే "6-3" అని రాయాలి. పరుగు వస్తే గడిలో నిండు చుక్క. పుస్తకం చూస్తే చాలు, ఆట చూడనివాడు కూడా ప్రతి బంతీ మళ్ళీ నడిపించుకోవచ్చు. ఇన్నేళ్ళలో నాకు అంత నచ్చిన పుస్తకం ఇంకొకటి లేదు.

జూలై మొదటి శనివారం మొదలుపెట్టాం. వానల వల్ల రెండు శనివారాలు పోయాయి. సెప్టెంబరు మూడో శనివారానికి పద్దెనిమిది ఆటలూ ముగిశాయి. మా కోడలి జట్టు ఆరు గెలిచి మూడు ఓడింది. కాలువ అవతలి జట్టూ ఆరు గెలిచి మూడు ఓడింది. అయితే ఆ రెండు జట్ల మధ్య జరిగిన మూడింట్లో రెండు మావి, అందుకని మేము మొదటి స్థానం. చివరి పోటీ దసరా సెలవుల తర్వాతి శని ఆదివారాల్లో, రోజుకి రెండు చొప్పున నాలుగు ఆటలు. ముందు మూడు గెలుపులు పోగుచేసినవాళ్ళది పోటీ. మాకు ముందే ఒకటి ఉంటుంది కాబట్టి మేము ఇంకో రెండు గెలిస్తే చాలు, వాళ్ళు మూడు గెలవాలి.

ఆ ఏడు దసరా ఆలస్యంగా వచ్చింది. సెలవులకీ జపాన్ వాళ్ళ చివరి పోటీలకీ సరిపోయింది. వాళ్ళ గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందు. వాళ్ళకి సాయంత్రం ఆరైతే మనకి మధ్యాహ్నం రెండున్నర. వంటిల్లు సర్దుకుని మా కోడలు ఫోన్‌ను మరమరాల డబ్బాకి ఆనించి పెట్టేది. మొదటిరోజు నేను ఊరికే చూశాను. రెండో రోజు నా దగ్గరున్న ఖాళీ పుస్తకంలో గీతలు గీసుకుని నేనూ రాయడం మొదలుపెట్టాను. వాళ్ళ మాట ఒక్కటీ అర్థం కాదు, అంకెలు మాత్రం మనవే. కొట్టడానికి వచ్చే ఒక్కొక్కడికీ విడిగా ఒక బాజా, ఒక పాట. చివరి వంతు ఆడాల్సిన అవసరం లేకుండానే గెలిచిన జట్టు గడిలో సున్నా పెట్టకుండా అడ్డగీతలు కలిపి ఇంటూ గుర్తు పెడతారు. ఆడలేదు కాబట్టి సున్నా కాదు. అంత నికార్సుగా ఉండే మనుషులంటే నాకు గౌరవం కలిగింది.

మేమిద్దరం అలా పక్కపక్కన అన్ని మధ్యాహ్నాలు కూర్చోవడం అదే మొదటిసారి. ఆమె శనగలు వేయించి నా పక్కన పెట్టేది. నేను ఆట మధ్యలో లేచి ఆమె గ్లాసులో టీ నింపేదాన్ని.

మొదటి స్థానం జట్టు ఆడుతున్న మూడో ఆట. ఏడో ఇన్నింగ్స్. ఇద్దరు అవుటయ్యారు. మూడో బేస్‌లో ఒకడున్నాడు. కొట్టినవాడి బంతి నేల మీద దొర్లి ఆరో అంకె వాడి చేతికి వెళ్ళింది. వాడు మూడుకి విసిరాడు, కొట్టినవాడు మొదటి బేస్ దగ్గర అవుట్. కాని ఈలోగా మూడో బేస్‌లోవాడు హోమ్ తొక్కేశాడు. ముందే తొక్కాడు, నా కళ్ళతో చూశాను. "6-3" రాసి, హోమ్ తొక్కినవాడి గడిలో పరుగు చుక్క పెట్టాను. ఫోన్‌లో అంకె మారలేదు.

"అమ్మాయ్, వీళ్ళు ఒక పరుగు మర్చిపోయారు."

"మర్చిపోలేదు అత్తయ్యా. అది పరుగు కాదు."

"హోమ్ ముందే తొక్కాడుగా?"

"ముందు తొక్కినా సరే. కొట్టినవాడు మొదటి బేస్ చేరకుండా అవుటై, అది మూడో అవుటైతే, ఆ బంతి మీద వచ్చిన ఏ పరుగూ చెల్లదు."

"ఎప్పటి నుంచి?"

ఆమె నవ్వింది. "ఆట పుట్టినప్పటి నుంచి."

న్యాయమే అనిపించింది. నిండు లారీ ఎంత తూగినా, ఖాళీ లారీ తిరిగొచ్చి తూగకపోతే ఆ తూకానికి విలువ లేదు. కాని నా చెయ్యి పెన్సిల్ మీద అలాగే ఆగిపోయింది. ఇలాంటి చుక్క నేను ఇంతకు ముందెక్కడో పెట్టాను.

ఆట మధ్యలోనే లేచి బీరువాలోంచి మా పిల్లల పుస్తకం తీశాను. పద్దెనిమిది ఆటలూ ఒక్కో గడీ వేలు పెట్టి చూశాను. పదకొండో ఆట, ఆగస్టు మూడో శనివారం, మా జట్టుకీ మూడో స్థానం జట్టుకీ జరిగింది. నాలుగో ఇన్నింగ్స్‌లో మూడో అవుట్ "6-3". అదే బంతి మీద మా క్యాచర్ పిల్ల గడిలో నిండు చుక్క. అక్షరం కూడా వంకర లేకుండా నేనే రాసిన తప్పు. ఆ ఆట మేము ఆరు-ఐదుతో గెలిచాం. అంటే ఐదు-ఐదు. అంటే గెలవలేదు. సమానమైతే సమానమనే రాసుకోవాలని మా కాగితంలో ఉంది, దానికి అదనపు ఇన్నింగ్స్ లేదు. ఆరు గెలుపులు ఐదవుతాయి. మొదటి స్థానం కాలువ దాటి వెళ్ళిపోతుంది, దానితోపాటు ఆ ముందే వేసిన గెలుపు కూడా.

పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టి ఆ గడి మీద వేలు పెట్టాను. ఆమె చదివింది. ఫోన్ కట్టేసింది.

"ఆ రోజు అంపైర్ ఎవరు?" అంది.

"కాలువ అవతలి మాస్టారే. ఆయన మొదటి బేస్ వైపు చూస్తున్నాడు. హోమ్ చూసింది నేను."

"ఆట అయిపోయి రెండు నెలలైంది అత్తయ్యా. రెండు జట్ల టీచర్లం మొత్తం ఒక్కటే చూసి సంతకాలు పెట్టాం. ఏ ఆటలోనైనా సంతకం పెట్టాక స్కోరు మారదు. అది రూలు."

"అది ఆటకి రూలు. పుస్తకానికి కాదు."

"ఎవరూ అడగలేదు."

"అందుకే చెప్తున్నా. అడిగాక చెప్తే అది దిద్దుబాటు కాదు, దొరికిపోవడం."

ఆమె పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టింది. ఆమె మాటలో తప్పు లేదని నాకు తెలుసు. ఆమె ఆ రూలు పట్టుకుని నిలబడితే అడ్డుకునే అధికారం నాకు లేదు. కాగితం ఆమెది, జట్టు ఆమెది, పిల్లలు ఆమె పిల్లలు. పుస్తకం ఒక్కటే నాది. ఆ సాయంత్రం ఆమె మేడ మీద బట్టలు తీయడానికి వెళ్ళి చాలాసేపు కిందికి రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆరింటికి బూట్లు వేసుకుని నా మంచం దగ్గరికి వచ్చింది. "గీత కొట్టండి అత్తయ్యా. మొదటి సంతకం నాది."

నేను కళ్ళద్దాలు తుడుచుకుని ఆ చుక్క మీద ఒకే గీత కొట్టాను. పక్కన ఆమె సంతకం పెట్టింది. తేదీ వేసింది కూడా ఆమే. అడగకుండా తేదీ వెయ్యడం ఆమెకి ఎప్పుడు అలవాటైందో నేను గమనించలేదు.

కాలువ అవతలి మాస్టారికి నా ముందే ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి చెప్పింది. ఆయన అటువైపు ఎవరినో బయటికి పొమ్మన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "మేడమ్, మీరూ అత్తగారూ ఏమన్నా పోట్లాడుకున్నారా?"

"లేదు మాస్టారూ."

"మరి ఇదేంటండీ? మొదటి స్థానం తీసుకొచ్చి నా చేతిలో పెడుతుంటే ఇంట్లో ఏదో అయ్యే ఉంటుందిగా."

"ఇంట్లో ఏమీ కాలేదు. వచ్చి సంతకం పెట్టండి."

ఆయన పది గంటలకు మోటారుసైకిల్ మీద వచ్చాడు. మూడో స్థానం జట్టు మాస్టారిని కూడా వెనక ఎక్కించుకొచ్చాడు. ఇద్దరూ గడి చూశారు, గీత చూశారు. పెద్ద నోరు మనిషి నా ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఆ రోజు నేను చూసుకోవాల్సింది పెద్దమ్మగారూ" అన్నాడు. సంతకాలు పెట్టి టీ కూడా తాగకుండా వెళ్ళారు.

పిల్లలకు చెప్పడం కష్టమైంది. సెలవులైనా ప్రాక్టీసుకి వచ్చారు. మా కోడలు వాళ్ళను గుండ్రంగా కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నేను చెట్టు కింద కుర్చీలో ఉన్నాను, వినపడనంత దూరం కాదు.

"మామ్మగారికి కళ్ళద్దాలు మార్పించండి టీచర్" అంది క్యాచర్ పిల్ల.

"మార్పించాం, మార్చాకే ఇది కనపడింది" అంది ఇంకొకతె. ఒకరిద్దరు నవ్వారు. క్యాచర్ పిల్ల నవ్వలేదు. ఆ చుక్క ఆమెది. మోచెయ్యి గీరుకుపోయేట్టు జారి తెచ్చుకున్న పరుగు. లేచి నా దగ్గరికొచ్చి, "మామ్మగారూ, నేను హోమ్ తొక్కింది మాత్రం నిజమే కదా?" అని అడిగింది.

"నిజమే. గీత కింద చుక్క అలాగే ఉంది, చూసుకో" అని పుస్తకం తిప్పి చూపించాను. అప్పుడు కొంచెం శాంతించింది.

చివరి పోటీ మొదలైన శనివారం పొద్దున నేను కొత్త పేజీలో ఎడమ వైపు రెండు జట్ల పేర్లు రాసి, కాలువ అవతలి జట్టు గడిలో ఒకటి వేశాను, మా గడిలో సున్నా. బంతి పడకముందు ఒకటి వెయ్యడం అంత తేలికేమీ కాదని అప్పుడు తెలిసింది.

మొదటి ఆట మా పిల్లలు ఏడు-నాలుగుతో గెలిచారు. మధ్యాహ్నం రెండో ఆట రెండు-మూడుతో ఓడారు. ఆదివారం పొద్దున మూడో ఆట నాలుగు-ఒకటితో గెలిచారు. లెక్క రెండు-రెండు.

భోజనాల దగ్గర క్యాచర్ పిల్ల పులిహోర పొట్లం పట్టుకుని నా పక్కన కూర్చుంది. "మామ్మగారూ, ఆ గీత కొట్టకపోతే ఇప్పటికే మూడు అయ్యేవి కదా. పోటీ అయిపోయి, మనం గెలిచేసేవాళ్ళం."

"అవును" అన్నాను. లెక్క అడిగితే అబద్ధం చెప్పలేను.

"టీచర్‌కి కూడా తెలుసా?"

"టీచర్‌కి నాకన్నా ముందు తెలుసు."

ఆ పిల్ల దూరంగా నిలబడి బ్యాట్లు తుడుస్తున్న మా కోడలి వైపు చూసి, మిగిలిన పులిహోర గబగబా తినేసి లేచిపోయింది.

నాలుగో ఆటకి ఊరంతా వచ్చింది. మిరప చేలకి నీళ్ళు పెట్టి వచ్చినవాళ్ళు, మొదటి తీత పత్తి తీసి వచ్చినవాళ్ళు గట్ల మీద కూర్చున్నారు. మూడింటికి మొదలైంది. మా జట్టు గెలిచి తీరాలి. సమానమైతే కాలువ అవతలి వాళ్ళే వెళ్తారు, ఎందుకంటే మొదటి స్థానం వాళ్ళది. ఏడు ఇన్నింగ్స్ అయ్యేసరికి మూడు-మూడు. ఈ చివరి పోటీకి మాత్రం తొమ్మిది దాకా ఆడవచ్చని కాగితంలో ఉంది. ఎనిమిదిలో ఎవరికీ రాలేదు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో చివరి వంతు మాది. ఇద్దరు అవుటయ్యాక రెండో బేస్‌లో ఒక పిల్ల ఉంది, బ్యాట్ పట్టుకున్నది క్యాచర్ పిల్ల. గట్టిగా కొట్టింది. బంతి ఎడమ వైపు పైకి లేచి, మైదానం అంచున తాడు కట్టిన చోటికి వెళ్ళింది. అవతలి పిల్ల వెనక్కి పరుగెత్తి, తాడుకి వీపు తగులుతుండగా పట్టుకుంది. నేను "7" రాసి, అవుటని చుట్టూ సున్నా చుట్టాను. గట్టు మీదివాళ్ళు లేచి నిలబడ్డారు.

తర్వాత ఒకడు అరిచాడు. "సూపర్ ఓవర్ పెట్టండి."

"సూపర్ ఓవర్ ఏందిరా, ఇది క్రికెట్టా?"

"ఏదో ఒకటి పెట్టండి. సమానమైతే ఒకళ్ళు గెలవడమేంది?"

కాలువ అవతలి మాస్టారు మా కోడలి దగ్గరికి నడిచొచ్చాడు. ఇంకా అరగంట వెలుతురు ఉంది. "మేడమ్, ఇంకో ఇన్నింగ్స్ ఆడదాం. నాకేం అభ్యంతరం లేదు. మీ పిల్లలు ఇంత ఆడాక ఇట్లా తీసుకుపోవడం నాకూ బాగోలేదు."

పిల్లలందరూ ఆమె మొహం చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. ఒక్క తల ఊపితే చాలు. అవతలివాడే ఒప్పుకున్నాడు, ఊరు అడుగుతోంది, నా పుస్తకంలో కూడా ఖాళీ గడి ఉంది.

"రూలు రాసింది నేను మాస్టారూ. మొదటి స్థానం మాదైనప్పుడు నాకు నచ్చింది. ఇప్పుడు నచ్చలేదని మార్చను" అంది. తర్వాత పిల్లల వైపు తిరిగి, "వరసలో నిలబడండి" అంది. రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడి తలలు వంచారు. అది జపాన్ వాళ్ళను చూసి నేర్పింది. ఆ తర్వాత వంగి మట్టి తాకి కళ్ళకద్దుకున్నారు. అది ఎవరూ నేర్పలేదు. క్యాచర్ పిల్ల ఏడుస్తూనే బంతి పట్టుకున్న పిల్ల దగ్గరికి వెళ్ళి, "తాడు లేకపోతే పడేదానివే" అంది. "పడినా వదిలేదాన్ని కాదు" అంది ఆ పిల్ల.

నేను మూడు-మూడు రాసి, కింద సమానం అని రాసి, పుస్తకం చాపాను. మా కోడలు ముందు సంతకం పెట్టింది.  ముప్పై ఒక్క ఏళ్ళలో నా ముందు వందలమంది సంతకాలు పెట్టారు. నష్టం తమదని తెలిసినప్పుడు పెన్ను అందుకునే పద్ధతి నాకు బాగా తెలుసు. కొందరు గొణుగుతారు, కొందరు రెండోసారి తూచమంటారు, కొందరు అక్షరాలు పేపరు చిరిగేట్టు నొక్కుతారు. ఆమె ఎప్పుడూ పెట్టే సంతకమే పెట్టింది. ఇది మా ఇంటి మనిషి అని అక్కడున్న వాళ్ళందరికీ చెప్పాలనిపించింది. అందరికీ తెలిసిన సంగతే కాబట్టి చెప్పలేదు.

కాలువ అవతలి మాస్టారు సంతకం పెట్టి, పుస్తకం వెనక్కి ముందుకి తిప్పి చూశాడు. పదకొండో ఆట పేజీ దగ్గర ఆగాడు. "మేడమ్, జిల్లా పోటీలకి మాకు పుస్తకం రాసేవాళ్ళు కావాలి. పెద్దమ్మగారిని మాతో పంపండి. బస్సులో ముందు సీటు ఇస్తాం."

"పుస్తకం కావాలంటే తీసుకెళ్ళండి" అంది మా కోడలు, నా కుర్చీ మడత పెడుతూ. "అత్తయ్యను ఇవ్వను. వచ్చే ఏడు మాకు కావాలి."

"అదేంటండీ, అత్తగారంటే అందరికీ సమానం అనుకున్నామే మేము."

"ఆ ధైర్యంతోనే కదా మీరు జూన్‌లో ఒప్పుకుంది" అంది ఆమె. ఆయన గట్టిగా నవ్వాడు. నేను నవ్వు ఆపుకోవడానికి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను.

స్కూటీ మీద ఆమె వెనక కూర్చుని, పుస్తకం ఒడిలో పెట్టుకుని ఇంటికి వచ్చాను. దారిలో పత్తి లారీల వెనక చాలాసేపు ఆగాల్సి వచ్చింది. లారీలు కదిలేలోపు ఆమె తల కొంచెం వెనక్కి తిప్పింది.

"జపాన్ వాళ్ళది అయిపోలేదు అత్తయ్యా. రెండు లీగుల్లో నెగ్గినవాళ్ళు ఇప్పుడు ఒకరితో ఒకరు ఆడుతున్నారు. రేపు లేదు, ఎల్లుండి మంగళవారం ఉంది. మన మూడింటికి. నాకు స్కూలు."

"అయితే?"

"మీరు రాసి పెట్టండి. వచ్చి చదువుకుంటాను."

మంగళవారం రెండున్నరకే ఫోన్‌ను మరమరాల డబ్బాకి ఆనించి, పుస్తకంలో గడులు గీసుకుని కూర్చున్నాను. ఈ పోటీలో ఎవరికీ ముందే వేసిన గెలుపు లేదని ఆమె చెప్పింది. రెండు వైపులా గెలిచినవి గెలిచినట్టే రాసుకుని, పెన్సిల్ చెక్కి, మొదటి బంతి కోసం చూశాను. నాలుగున్నరకు ఆమె ఇంటికొచ్చేసరికి ఐదు ఇన్నింగ్స్ నిండాయి. చేతులు కడుక్కుని వచ్చి ఫోన్ వైపు చూడలేదు. నా పక్కన కూర్చుని, మొదటి గడి నుంచి వేలు పెట్టి చదువుకుంటూ వచ్చింది.